వరద తీసిన వీధులలో తిరుగుడు చీపురు

భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని ప్రకటింతురు. 1986 ఆగస్టులో నది ఇచ్చట 75.6 అడుగుల వరకు పెరిగినది. 2022 జులై 16వ తేదీన 71.3 అడుగులకు వచ్చినది. ఈ అంకెలు ఈ ప్రాంతమున చిన్నపిల్లలకు సైతము తెలియును. కాని నీరు తీసిన పిమ్మట వీధులలో మిగిలిన ఒండ్రు ఎన్ని ట్రాలీలైనదో, దానిని ఎవరెవరు ఎన్ని దినములు ఎత్తిపోసిరో చెప్పగలవారు తక్కువ. దుమ్ముగూడెము, చర్ల, బూర్గంపహాడు మండలములలో నదీతీరమున నున్న పంచాయతీల సభ్యులకు మాత్రము ఆ దినములు బాగుగా జ్ఞాపకముండును.

ఒండ్రునకు ఒక స్వభావము కలదు. నీరు తీసిన మొదటి రెండు దినములు అది పెరుగువలె జారును. తరువాత ఎండ కాసినచో పైన పెచ్చు కట్టి, లోపల మెత్తగా నుండును. ఆ పిదప బండ్ల చక్రముల క్రింద నలిగి మెత్తని దుమ్మై గాలిలో లేచును. ఆ దుమ్ము పాఠశాలలోనికి, అంగన్‌వాడీ వంటగదిలోనికి, రోగుల మంచముల మీదికి చేరును. కనుక వరద తీసిన వారము దినములలోనే వీధులు శుభ్రపడవలెనని అందరును తొందరపడుదురు. యంత్రములతో ప్రమాదములు జరుగుట సాధారణముగా ఇట్టి తొందరలోనే.

ఇప్పుడు ఈ పనికి అద్దె మీద చిన్న లోడర్లు వచ్చుచున్నవి. జె.సి.బి. కంటె చాల చిన్నది, ఇరుకు సందులలో తిరుగునది, నాలుగు చక్రములది. మన డ్రైవర్లు దీనిని ఏ కంపెనీది యైనను బాబ్‌క్యాట్ అనియే పిలుతురు. దీని పుట్టుక కొంత వింతగా నుండును. 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున కెల్లర్ సోదరులను ఇద్దరు కమ్మరి పనివారు, టర్కీ కోళ్ళ షెడ్డులో స్తంభముల మధ్య పేరుకొనిన పెంట నెత్తుటకై ఒక రైతు కోరికపై మూడు చక్రముల లోడరును చేసియిచ్చిరి. నేటి చిన్న లోడర్లకు అదియే మూలము. అనగా ఇది పుట్టుకతోనే పారిశుద్ధ్యపు యంత్రము. దీని ముందు భాగమున బకెట్టును తీసివేసి, ఆ స్థానమున అడ్డముగా తిరుగు పెద్ద గుండ్రని చీపురును తగిలింపవచ్చును. ఒక ఇరుసునకు ప్లాస్టిక్ కుచ్చుల రింగులు, కొన్నిటిలో వాటి నడుమ ఉక్కు తీగల రింగులు వరుసగా గుచ్చియుండును. లోడరు నుండి వచ్చు హైడ్రాలిక్ నూనె ఒత్తిడి ఆ ఇరుసును త్రిప్పును.

2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమములో గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ళ ట్యాంకరు సమకూడినవి. ఇట్టి చీపురును ట్రాక్టరునకును తగిలింపవచ్చును. అందు నూనెకు బదులు ట్రాక్టరు వెనుకనుండు పి.టి.ఓ. షాఫ్టు దానిని త్రిప్పు రకములు కలవు. ఏ రకమైనను వాడుకలో సూత్రములు దాదాపు ఒకటే. డ్రైవరునకు ఇవి తెలిసిన చాలును గదా, సభ్యులకు ఎందులకు అని కొందరు అడుగవచ్చును. పని ఎప్పుడు మొదలు పెట్టవలెనో, ఏ వీధి ముందో, ఎంత త్వరగా ముగియవలెనో చెప్పునది సభ్యులు. అద్దె గంటల లెక్కన ఇచ్చునది పంచాయతీ. ‘ఇంకను కాలేదా’ అని ఒడ్డున నిలిచి అడుగు పెద్దమనిషి మాటకే డ్రైవరు యంత్రమును ఆపకుండ చేయి పెట్టును. కనుక ఆ మాట అడుగువారికి యంత్రపు సంగతి తెలిసియుండుట మంచిది.

మొట్టమొదట తెలియవలసినది, చీపురు బురద తీయు సాధనము కాదు. అంగుళముల మందమున నున్న తడి ఒండ్రులోనికి దీనిని దింపినచో కుచ్చుల నడుమ బురద ముద్దలై పట్టుకొనును, బరువెక్కిన ఇరుసు ఎగిరెగిరి పడును, వీధి శుభ్రపడుటకు మారు ఇరుప్రక్కల గోడలకు పూత పూయబడును. మందమైన బురదను బకెట్టుతోను, సందులలో పారలు, తట్టలతోను ముందుగా ఎత్తవలెను. పెచ్చు కట్టిన పలుచని పొర, దుమ్ము, ఇసుక, ఆకులు మాత్రమే చీపురు పనిక్రిందికి వచ్చును. బకెట్టుతో ఒక దినము, చీపురుతో ఒక దినము అని క్రమము ఏర్పరచుకొనిన గ్రామములో పని త్వరగా ముగియును. రెంటిని కలిపి చేయబోయినచోట రెండును చెడును.

యంత్రము రాకముందే ఇద్దరు ముగ్గురు మనుష్యులు పొడవాటి కర్రలతో వీధి పొడవునను నడచి చూడవలెను. తెగిపడిన కరెంటు తీగలున్నవేమో చూచి, విద్యుత్తు సిబ్బంది వచ్చి సరఫరా లేదని చెప్పువరకు ఆ వైపు ఎవరును పోరాదు. అడవి అంచున నున్న ఈ గ్రామములలో వరదతో కొట్టుకొనివచ్చిన చెత్త కుప్పలలో పాములుండుట సామాన్యము. కర్రతో కదల్పకుండ చేతితో ఏ కుప్పను ఎత్తరాదు. ఇనుప రేకులు, ముళ్ళకంచె తీగ, మ్యాన్‌హోలు మూతలు లేని గుంటలు గుర్తించి కర్ర పాతి గుడ్డ కట్టవలెను. అన్నిటికంటె ముఖ్యముగా తాళ్ళు, చేపల వలలు, చీరలు, గోనె సంచులు ఏరివేయవలెను. ఎందులకో ముందు చెప్పెదము.

తగిలింపు విషయములో ఒక్క క్షణము జాగ్రత్త చాలును, కాని ఆ క్షణము తప్పనిసరి. చీపురును లోడరునకు పట్టియుంచునవి రెండు లాకు పిన్నులు. అవి రంధ్రములలో పూర్తిగా దిగినవో లేదో డ్రైవరు సీటులో కూర్చుండి ఊహింపక, క్రిందికి దిగి కంటితో చూడవలెను. పిన్ను సగము దిగిన చీపురు నేల మీద నున్నంతసేపు బాగుగనే కనిపించును, ఎత్తినప్పుడు ఊడిపడును.

ఇక పని. చేతి చీపురుతో ఊడ్చు స్త్రీని చూడుడు. ఆమె చీపురు కొనలను నేలకు తాకించి లాగును గాని చీపురు నడుమును నేలకు అదిమిపెట్టదు. యంత్రపు చీపురునకును అంతే. దుమ్మును ఎగజిమ్మునది కుచ్చుల కొన. అదిమినకొలది బాగుగా ఊడ్చునను నమ్మకము మన డ్రైవర్లలో చాల మందికి కలదు. అది పొరపాటు. అదిమినప్పుడు కుచ్చులు వంగి, ప్రక్కభాగము నేలకు రాచుకొనును. దుమ్ము అక్కడనే ఉండును, కుచ్చులు మాత్రము అరిగిపోవును.

సరిగా దింపినదీ లేనిదీ తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యున్నది. దుమ్ముపట్టిన సమతలమైన చోట లోడరును నిలిపి, చీపురును దింపి, ముందుకు వెనుకకు కదలకుండ కొద్ది క్షణములు నిదానముగా త్రిప్పవలెను. తరువాత త్రిప్పుట ఆపి, చీపురు నెత్తి, యంత్రమును వెనుకకు తీసి నేలను చూడవలెను. చీపురు పొడవునను 2 మొదలు 4 అంగుళముల వెడల్పున ఒకే తీరుగా శుభ్రమైన పట్టీ కనిపించిన యెడల అమరిక సరిగా నున్నది. పట్టీ అంతకు మించి వెడల్పుగా నున్నచో చీపురు మిక్కిలి క్రిందికి దిగినది. ఒక కొన వెడల్పై రెండవ కొన సన్నగిలినచో చీపురు ఒకవైపునకు ఒరిగినది. రెండు కొనలలో పట్టీ యుండి నడుమ లేనిచో నడిమి రింగులు అరిగినవి. సభ్యులలో ఎవరైనను ప్రతిదినము ఉదయము ఈ పట్టీని తమ కన్నులతో చూచుట మంచిది. దీనికి ఇంజనీరు అక్కరలేదు.

వేగము విషయములోను ఇట్టి భ్రమయే కలదు. రెండున్నర అడుగుల వ్యాసముగల చీపురు నిమిషమునకు 150 మార్లు తిరిగినచో కుచ్చుల కొనలు సెకనుకు సుమారు 20 అడుగుల వేగముతో పోవును. ఆ కొన తగిలిన కంకరరాయి ఏ వైపునకు పోవునో డ్రైవరునకు తెలియదు. చెత్త కదలుటకు చాలినంత నిదానపు తిరుగుడే తగినది. వేగము హెచ్చినకొలది దుమ్ము లేచును, రాళ్ళు ఎగురును. చీపురునకు ఎదుటను, అది చెత్తను నెట్టు వైపునను 50 అడుగుల లోపల ఎవరిని నిలువనీయరాదు. పిల్లలు ఈ యంత్రము వెంట పరుగెత్తుట తప్పదు గనుక ప్రతి వీధికిని ఒక మనిషిని కాపు ఉంచవలెను. డ్రైవరు వెనుకకు చూడగలిగినది కొంచెమే యని ఆ మనిషి ఎరిగియుండవలెను. డ్రైవరు బెల్టు పెట్టుకొని, ముందుకడ్డీ దించుకొని కూర్చుండవలెను, ఇంకొకరిని ఎక్కించుకొనరాదు.

గాలి ఎటు వీచుచున్నదో చూచి, ఆ వైపునకే ఊడ్చుట మేలు. చీపురును కొంచెము ఏటవాలుగా త్రిప్పినచో చెత్త ఒక ప్రక్కకు గట్టువలె చేరును. ఆ గట్టును మురుగు కాలువలోనికి నెట్టరాదు. ఇది చాలచోట్ల జరుగు తప్పు. వీధి అప్పటికి అద్దమువలె నుండును. కాని ఒండ్రు కాలువలో చేరి గట్టిపడి, తరువాతి వానకు మురుగు తిరిగి వీధిలోనికే వచ్చును. పల్లపు వీధులలో వరద రాకున్నను నీరు నిలుచుటకు ఇదియొక కారణము. గట్టును కాలువకు రెండడుగుల దూరముననే ఆపి, పారలతో ట్రాలీలోని కెత్తి ఊరి వెలుపలకు చేర్పవలెను. కరకట్ట మీదికి పోవు వాలుదారులలో లోడరును అడ్డముగా నడుపరాదు. యంత్రములో ఏ కొన బరువైనదో ఆ కొన ఎత్తు దిక్కునకు ఉండునట్లు నడుపవలెను. కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మీద ఉన్నచోటనే గిరుక్కున తిరుగరాదు. ఈ లోడరు చక్రములు వంకరపోవు, జారుచు తిరుగును. తిరిగిన ప్రతిచోట రోడ్డును గీకును.

తాళ్ళు, చీరలు ఏరివేయుడని చెప్పితిమి. ఎంత ఏరినను కొన్ని మిగులును. ఒక చీర కొంగు చీపురునకు తగిలినదనుకొనుడు. రెండు చుట్లలో అది ఇరుసునకు బిగుసుకొనును, చీపురు నిదానించును. ప్రక్కనున్న కార్మికుడు వంగి ఆ కొంగును పట్టి లాగును. సహజమైన పని, ఇంటిలో ఎవరైనను అట్లే చేయుదురు. కాని యంత్రము ఆగలేదు, అలసినది మాత్రమే. నూనె ఒత్తిడి ఇంకను దానిని త్రోయుచునే యుండును. చుట్టు వదులైన క్షణమున చీపురు ఒక్కసారిగా తిరుగును. చీరతో పాటు చేయియు పోవును.

దీనికి మార్గమొక్కటే. చీపురు త్రిప్పు లివరును ఆపి, చీపురును నేలకు దింపి, ఇంజను నిలిపి, లోడరు పుస్తకములో చెప్పిన ప్రకారము లివర్లను అటునిటు కదిపి పైపులలోని ఒత్తిడిని తీసివేసి, తాళపుచెవిని తీసికొనవలెను. తాళపుచెవి ఎవరు చీపురులో చేయి పెట్టుదురో వారి జేబులోనే యుండవలెను. డ్రైవరు జేబులో గాదు, సభ్యుని జేబులో గాదు. తరువాత చాకుతో కోసి తీయవలెను గాని లాగరాదు. ఉక్కు తీగల కుచ్చులున్నచో తోలు చేతితొడుగులు వేసికొనవలెను. ఈ పనికి కొద్ది నిమిషములు పట్టును. ఒక దినములో పదిమార్లు చుట్టుకొనినను పదిమార్లును ఇట్లే చేయవలెను. ఆ నిమిషముల అద్దె పంచాయతీ ఇచ్చుననియు, దానికై ఎవరును కోపపడరనియు పని మొదలు పెట్టకముందే డ్రైవరునకును, కార్మికులకును సర్పంచి స్వయముగా చెప్పుట అవసరము. వ్రాసిన నియమము కంటె ఆ మాట ఎక్కువ పని చేయును.

ట్రాక్టరు చీపురులో పి.టి.ఓ. షాఫ్టు ఇంతకంటె ప్రమాదకరము. సాధారణముగా అది నిమిషమునకు 540 మార్లు, అనగా సెకనుకు తొమ్మిది మార్లు తిరుగును. పైపంచె, తలగుడ్డ, చీర కొంగు దానికి తగిలినచో ‘ఆపు’ అని అరచుటకును వ్యవధి చాలదు. షాఫ్టు పైనుండు ప్లాస్టిక్ తొడుగు విరిగిన ట్రాక్టరును పనికి పెట్టరాదు. తొడుగు వెల స్వల్పము. పారిశుద్ధ్య కార్మికులలో స్త్రీలు ఎక్కువ గనుక కొంగు నడుమునకు బిగించి, పైన చొక్కా గాని, కోటు గాని తొడిగికొనునట్లు చూడవలెను.

హైడ్రాలిక్ పైపుల విషయము కంటికి కనబడనిది. పైపునకు సూది మొనంత చిల్లు పడినప్పుడు బయటికి వచ్చు నూనె ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. పైకి చిన్న చుక్కవలె గాయముండును, మొదట నొప్పియు అంతగా నుండదు. లోపల కండ చెడిపోవును. పసుపు పెట్టి కట్టు కట్టి ఇంటికి పంపిన గాయమునకు తరువాత వ్రేలినో చేతినో తీసివేయవలసి రావచ్చును. కనుక నూనె కారుచున్న చోటును చేతితో తడవి చూడరాదు. అట్టముక్కను అడ్డుపెట్టి చూడవలెను. ధార తగిలినదని అనుమానమున్నను వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి తీసికొనిపోయి, హైడ్రాలిక్ నూనె లోనికి పోయినదని డాక్టరుకు స్పష్టముగా చెప్పవలెను. ఎత్తియున్న చేతుల క్రింద, వాటికి ఇనుప ఆధారపు కడ్డీ బిగింపనిదే, ఎవరును దూరరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

దుమ్ము సంగతి. ఎండిన ఒండ్రులోను, ఇసుకలోను సిలికా యను పదార్థపు సూక్ష్మ రేణువులుండును. సంవత్సరముల తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులు గట్టిపడును. ఆ జబ్బును నయము చేయు మందు లేదు. తుండుగుడ్డ ముక్కునకు చుట్టుకొనిన మాత్రమున ఆ రేణువులు ఆగవు. ఎన్-95 రకపు మాస్కులు కావలెను. అంతకంటె మేలైనది దుమ్మును లేవనీయకుండుట. ట్యాంకరుతో ముందుగా వీధిని చెమ్మగిల్లునంత మాత్రమే తడిపినచో దుమ్ము లేవదు, బురదయు కాదు. చీపురుకు నీళ్ళు చిమ్ము గొట్టములున్నచో వాటికి బోరు నీరే పోయవలెను. వరద నీరు పోసినచో గంటలోనే రంధ్రములు పూడిపోవును. వరద బురదలో ఎలుకల మూత్రము ద్వారా వచ్చు లెప్టోస్పైరోసిస్ వంటి జ్వరములకును అవకాశము కలదు. రబ్బరు బూట్లు, చేతితొడుగులు లేనివారిని ఆ పనికి దింపరాదు. బ్లీచింగ్ పొడిని బురద మీద చల్లుట వ్యర్థము. బురదలోని కుళ్ళు దాని శక్తిని హరించివేయును. ఊడ్చిన పిమ్మట చల్లవలెను, చల్లినదానిని మరల ఊడ్వరాదు.

వరద లేని సంవత్సరములోను భద్రాచలమున ఈ చీపురునకు పని కలదు. శ్రీరామనవమి నాడు మిథిలా స్టేడియములో కల్యాణము ముగిసి జనము కదలిన పిదప విస్తళ్ళు, నీళ్ళ సీసాలు, పూలదండలు, తలంబ్రాల బియ్యము నేలనిండ మిగులును. ఎండిన నేల, తేలిక చెత్త. యంత్రమునకు ఇంతకంటె అనువైన పని లేదు. కాని దూరమునుండి వచ్చిన యాత్రికులు బస్సు దొరకక ఆ రాత్రి రోడ్డు ప్రక్కలనే దుప్పటి కప్పుకొని నిద్రింతురు. దీపపు వెలుగులో దుప్పటికిని, చెత్తకుప్పకును డ్రైవరు కన్నులకు భేదము తోచకపోవచ్చును. కనుక అట్టిచోట తెల్లవారిన పిదపనే యంత్రమును నడుపవలెను. ఒక పూట ఆలస్యమైనదని పత్రికలవారు ఫొటో వేసినను సహింపవచ్చును.

పోషణలో ప్రతిదినము చేయవలసినవి కొన్నియే. పని ముగియగానే కుచ్చులలోని బురదను నీటితో కడుగవలెను. ఆరిన పిదప అది రాయియగును. ఇరుసు రెండు కొనలలో చుట్టుకొనిన దారములను కోసి తీయవలెను. సన్నని నైలాను దారము సీలును కోసి బేరింగును పాడుచేయును. గ్రీజు పట్టించుటకు ముందు నిపిల్ మీది మట్టిని తుడువవలెను, లేనిచో గ్రీజుతో పాటు ఇసుకయు లోనికి పోవును. నూనె పైపుల కొనలను తగిలించునప్పుడును అట్లే తుడువవలెను. దుమ్ములో పనిచేసిన లోడరు గాలి ఫిల్టరును, రేడియేటరు జాలీని ప్రతి సాయంకాలము చూడవలెను. కుచ్చులు ఎంతవరకు అరిగిన పిదప మార్చవలెనో యంత్రముతో వచ్చు పుస్తకములో నుండును. మార్చునప్పుడు ఒకటి రెండు రింగులు గాక మొత్తము వరుస మార్చుట మంచిది. పొడవు కుచ్చు ప్రక్కన పొట్టి కుచ్చు ఉన్నచో ఇందాక చెప్పిన పట్టీ ఎన్నడును సరిగా రాదు.

అద్దెకు తెచ్చునప్పుడు ఒప్పందములో మూడు సంగతులు వ్రాయించుకొనవలెను: ఆ పుస్తకము యంత్రముతో పాటు రావలెను, డ్రైవరు ఈ చీపురుతో ముందు పనిచేసినవాడై యుండవలెను, చీపురు శుభ్రపరచుటకు ఆపిన సమయము గంటలలో చేరవలెను. మూడవది పంచాయతీకి నష్టమువలె కనిపించును. కాని అది లేనిచోట డ్రైవరు ఆపడు.

సొంత చీపురు కొన్న పంచాయతీ దానిని కుచ్చుల మీద నేలపై దింపి వదలిపెట్టరాదు. నెలల తరబడి అట్లుండిన చీపురు ఒకవైపు చదునై, తిరుగునప్పుడు ఎగురును. దానికి ఇచ్చిన కాళ్ళ మీద నిలిపి, కుచ్చులు నేలను తాకకుండ, ఎండ తగులని షెడ్డులో ఉంచవలెను. ప్లాస్టిక్ కుచ్చులు ఎండకు పెళుసెక్కును. పైపుల కొనలకు మూతలు పెట్టి, ఎలుకలు కొరుకకుండ ఎత్తున కట్టవలెను. జూన్ మొదటి వానకు ముందు ఒకనాడు బయటికి తీసి, గ్రీజు పెట్టి, పాఠశాల ఆవరణ వెలుపల దుమ్ముపట్టిన చోట ఒక్కమారు త్రిప్పి, ఆ పట్టీ ఎంత వెడల్పు వచ్చినదో కొలిచి పంచాయతీ రిజిస్టరులో తేదీతో వ్రాసియుంచవలెను.